ఎడమచేతి ముడులు

సత్తమ్మది ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తోనే తినేది కాబట్టి అత్తింటివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. మొగుడి వల చిరుగులు అల్లేటప్పుడు మాత్రం ఆ ఎడమచెయ్యి ఎవరి మాటా వినేది కాదు. అందరి ముడులూ ఒక దిక్కుకు ఒరిగితే, ఆమెవి ఎదురు దిక్కుకు ఒరిగేవి. శామీర్‌పేట చెరువులో చేపలకు ఆ తేడా ఎన్నడూ పట్టలేదు. ఆడబిడ్డ బాలనర్సమ్మకు పట్టింది.

"ఎడ్డి ముడులు! మా తమ్ముని వలను ఆగం జేస్తున్నవే," అనేది మేడ్చల్ నుంచి వచ్చినప్పుడల్లా.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడు, పేరుమోసిన బొమ్మల సాబు ఒకాయన చెరువు పక్క బంగళాలో దిగాడు. ఆయన బొమ్మల్లో మనుషులుండరు, చెట్లుండవు, ఒట్టి రంగులే. ఓ రోజు సత్తమ్మను అడిగి, ఆమె ఓ మూల చిరుగు అల్లిన వల తీసుకుని, రంగులో ముంచి, పెద్ద గుడ్డ మీద పరిచి తొక్కాడు. వల తిరిగొచ్చేసరికి పెళ్లిపందిరిలా ఉంది. చేపలకు ఆ పెళ్లి నచ్చలేదు.

మొగుడు బాలమల్లు ఊరుకున్నా బాలనర్సమ్మ ఊరుకోలేదు. "పిచ్చోనికి వలిచ్చి ఆగం జేసి, నా వల బొమ్మల వడ్డదని కతలు చెప్తవా? ఇగ నువ్వు వల ముట్టకు."

అంతలో జట్కా అబ్దుల్ కబురు మోసుకొచ్చాడు. ఆ సాబు బొమ్మను పట్నంలో ఏదో అజాయబ్‌ఘర్‌లో, వింతలు చూపే మ్యూజియంలో, పెట్టారట. ఏదో అతనికీ తెలియదు.

"సూపిస్త, రా వదినె," అంది సత్తమ్మ. "నా వల గా బొమ్మల కనవడకుంటే, జన్మల వల ముట్ట."

ఆ ఇంట్లో ఆమె తనదని చెప్పుకునేది ఆ వల పనొక్కటే. అయినా అనేసింది.

ఇద్దరూ మేడ్చల్‌లో రైలెక్కారు. మొదటి అజాయబ్‌ఘర్‌లో కత్తులూ, నాణేలూ, రాతి దేవుళ్లూ ఉన్నాయి. బాలనర్సమ్మ గుమ్మంలోనే చెప్పులు విడిచి అందరికీ దండం పెట్టింది, మీసాల నవాబు పటంతో సహా. బొమ్మ మాత్రం లేదు.

రెండోదానికి వెళ్లేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కాపలాదారు చోటే మియా మెట్లు చూపించాడు.

"ఆ సాబు బొమ్మనా? పైన, ఆఖరి కమ్రా. తలకాయ తిరిగితే నన్ననొద్దమ్మా."

గోడంత గుడ్డ. ఎరుపు మీద నీలం, నీలం మీద మళ్లీ ఎరుపు. మధ్యలో సన్నటి గళ్లు. వలే, కానీ ఎవరి వలైనా కావచ్చు.

"గిదేంది, ఎర్రమన్ను జాజు వూసిన గోడ లెక్కున్నది!" అంది బాలనర్సమ్మ. "లోకంల నీదొక్కదే వలనా?"

బాలనర్సమ్మ వంక దొరికేదాకా నిలవలేని మనిషి. ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి, గాలిలో వేలు ఆడిస్తూ ముడుల వెంట నడిచింది.

"సూడు, ఎంత సక్కగ ఒక్క దిక్కే ఉన్నయో! పనంటే గిట్లుండాలె. ఇగో, గీ మూలకే ఎవతో ఎడ్డిది ఎదురు..."

వేలు గాలిలోనే ఆగిపోయింది.

"ఎవతో?" అంది సత్తమ్మ.

"నీ ఎడమచెయ్యి పాడుగాను! గివి నీ ముడులేనే!"

ఆ అరుపుకి చోటే మియా పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా? చెయ్యి వెట్టిన్రా?"

"వెట్టింది! మా తమ్ముని పెండ్లాం ఎప్పుడో వెట్టింది! సూడు, గీ మూల మొత్తం దాని చెయ్యే!"

చోటే మియా మూలను చూశాడు, సత్తమ్మను చూశాడు. తన స్టూలు తెచ్చి బొమ్మ ముందు వేశాడు. "కూసో, బేటీ." చూడ్డానికొచ్చినవాళ్లంతా బొమ్మను వదిలేసి ఆమె చుట్టూ మూగారు. సత్తమ్మ తన ముడులకు ఎదురుగా, నవాబు బేగంలా కూర్చుంది.

తిరుగు రైలంతా బాలనర్సమ్మ గొంతే. "నేనే గుర్తు వట్టిన! ఇంకెవ్వలకన్న తెలుస్తదా?"

మర్నాడు ఆమె తన ఇంటి చిరిగిన వలను సత్తమ్మ ముందు పడేసింది.

"ఇగో సత్తీ. ఎడమచేత్తోనే అల్లాలె. ఒక్క ముడి సక్కగున్నా తీసుకోను."