ఎడమవైపు చుక్క

ప్రమోదిని రోజూ పొద్దున అన్నిటికన్నా ముందు తుడిచేది బండి కింద. వరండాలో ఎడమవైపు స్టాండు మీద ఒరిగి నిలబడ్డ ఆ పాత రెండు కార్బొరేటర్ల మోటార్‌సైకిల్ తెల్లారేసరికి గచ్చు మీద పెట్రోలు చుక్కలు రాల్చి పెట్టేది. నీళ్లు చల్లగానే ఆ తడి మీద ఊదా, పసుపు, నెమలికంఠం రంగులు విచ్చుకునేవి. గుడ్డ చేత్తో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయేది. ఆ రంగుల్లో ఒక ఎర్రమట్టి బాట కనిపించేది. బాట చివర పెంకుల బడి, తనను చూసి గబగబా లేచి నిలబడే పిల్లలు. వాళ్ల గొంతులు కూడా వినిపించేవి. "చాయ్ ఏమాయె?" అని లోపలినుంచి కేక వచ్చేదాకా ఆమె ఆసిఫాబాద్‌లోని ఆ ఇంట్లో ఉండేది కాదు.

పెళ్లయిన ఆరేళ్లకు, తొంభై ఒకటి జూన్‌లో, టీచరు నౌకరి ఆర్డరు వచ్చింది. చేరడానికి పదిహేను రోజుల గడువు, ఆఖరి రోజు సోమవారం. ఆ ఊరికి బస్సు పోదు. రోడ్డు మీద దిగి నాలుగు మైళ్లు నడవాలి. "మనింటి ఆడోళ్లు రోడ్ల పొంట నడుస్తరా? బండి బాగైనంక నేనే దింపుత," అన్నాడు భర్త జనార్దన్‌రావు. ఎంత ప్రేమగా అన్నాడో! ఆ ఒక్క మాటకే మురిసిపోయింది, పిచ్చిది. తర్వాత రోజుకొక మాట. "లీకేజి దొరుకుతలేదు. మెకానిక్ మక్బూల్ సుత పరేషాన్ అయితుండు." "నడిమిట్ల మంటలు లేస్తే ఎవరు జిమ్మేదారు?" అత్త లీలాబాయి నవ్వుతూనే అనేది: "బండికే ఇష్టం లేనట్టుంది గదనే నీ నౌకరి." అందరూ నవ్వేవాళ్లు. మనసు చివుక్కుమన్నా ప్రమోదిని కూడా నవ్వేది.

శనివారం మధ్యాహ్నం వరండా కడుగుతుంటే కుడిమూల పోసిన నీళ్లు వాలుకు జారి ఎడమమూలకు చేరాయి. ఆరేళ్లుగా చూస్తున్నదే. ఆ రోజు మాత్రం చెయ్యి ఆగింది. బండి కూడా ఎడమకే ఒరిగి ఉంది కదా! చుక్క ఎడమన పడినంత మాత్రాన కారేది ఎడమ కార్బొరేటరే అని ఏముంది?

బడి కోసం దాచుకున్న డబ్బాలోంచి రెండు చాక్‌పీసులు తీసి మెత్తగా నలిపింది. కార్బొరేటర్లు రెండింటినీ పొడిగా తుడిచి ఆ పొడి అద్దింది. పెట్రోలు ట్యాపు తిప్పి, గోడకు చేరగిలబడి చూస్తూ కూర్చుంది. వాకిట్లో ఎండ వచ్చిపోతోంది. ఎంతసేపు చూసిందో తెలియదు. కుడి కార్బొరేటరు అంచున తెల్లపొడి మీద ఆవగింజంత తడి పుట్టింది. అది మెల్లగా పెరిగి, రెంటినీ కలిపే గొట్టం వెంట పాకి, ఎడమదాని కిందికి జారి చుక్కయింది.

"దొరికినవ్!" అంది పైకే. ఈ ఇంట్లో ఆరేళ్లలో తనంత తాను కనిపెట్టిన మొదటి సంగతి. సాయంత్రం చెబితే ఆయన మొహం ఎట్లా వెలుగుతుందో కూడా ఊహించుకుంది.

ఆగలేక ఎదురు సందులోని మక్బూల్ షెడ్డుకు పోయింది. "మక్బూల్ భాయ్, లీకేజి కుడిపక్క దానిది. ఎడమకు జారి పడుతుంది, అంతే."

మెకానిక్ మక్బూల్ పానా కింద పెట్టాడు. "సహీ పట్టినవమ్మా! అండ్ల పెట్రోలు ఆపే నీడిల్ అరిగింది. గా మాట సార్‌కు పది దినాల కిందనే చెప్పిన గద."

"చెప్పినవా?"

"ఔ. కొత్త నీడిల్ సుత తెచ్చిపెట్టిన, గిదిగో. పావుగంట పని. సారే అన్నడు, జర ఆగు, సోమవారం దాటనీ అని. ఎందుకో నాకేమెరుక?"

పది పొద్దులు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తుంటే, పక్కనుంచే దాటి పోయాడు మనిషి. కోపం వచ్చింది. కోపంకన్నా ముందు, సిగ్గేసింది, అంతగా నమ్మినందుకు.

"వేసెయ్యాల్నా అమ్మా?"

"వద్దు. సార్ చెప్పినట్టే ఆగు."

సోమవారం పొద్దున ఆర్డరు కాగితం, చాక్‌పీసుల డబ్బా సంచిలో పెట్టుకుని వరండాలోకి వచ్చింది.

"ఎటు?" పేపరు దించాడు జనార్దన్‌రావు. "బండి ఖరాబున్నది గద!"

"బస్సుకు పోత. రోడ్డు మీద దిగి నడుస్త."

ఆయన గబుక్కున లేచాడు. కాలు తడిలో పడింది. "ఏందిది? ఇయ్యాల తుడువలేదా?"

ఆమె చెప్పులు తొడుక్కుంది. "కుడిదాంట్ల నీడిల్ అరిగింది. మీకెరుకే గద. గుడ్డ కిటికీల ఉన్నది."