ఊరికే వచ్చిన బంటు

అనుమానం పెనుభూతమంటారు. తాళాలాయన ఆ భూతాన్ని రోజూ అన్నం పెట్టి మరీ పెంచాడు. తప్పు ఆయనది కాదు, వృత్తిది. తాళంచెవి పోయింది, వచ్చి తలుపు తియ్యమని ఎవరు ఫోను చేసినా, ఆ ఇల్లు వాళ్ళదేనని పక్కింటివాళ్ళు చెప్పేదాకా పనిముట్ల సంచి విప్పడు. అలాంటివాడి దగ్గర కూతురు వారం రోజులుగా ఒకటే పాట. మేడమీది ఇళ్ళకు ఇకనుంచి తనే వెళ్తుందట, నాన్న కొట్లో కూర్చోవాలట! అల్లుడు కొట్టు మీద కన్నేసి ఈమెను ముందుకు తోస్తున్నాడని ఆయనకు తోచింది. తోచిందేమిటి, రూఢి అయిపోయింది.

"చదరంగంలో నన్ను ఓడించు. అప్పుడు వెళ్దువుగాని," అన్నాడు. పదేళ్ళలో ఆమె ఒక్క ఆటా గెలవలేదు మరి.

తాళంచెవులను ఆకురాయితో రాకే బల్ల మీద చదరంగం అట్ట పరిచారు. ఆయన ఎప్పటిలాగే మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు జరిపాడు. ఆమె గుర్రాన్ని దూకించింది. ఆయన తన మొదటి బంటు పక్కదాన్నీ జరిపాడు. అంతే, ఆమె నల్ల బంటొకటి తిన్నగా ఆయన బంటు నోటికి అందేచోటికి వచ్చి నిలబడింది.

"పరధ్యానమా?"

"కాదు."

"మరి ఊరికే ఇస్తున్నావా?"

"తింటే తిను, లేకపోతే మానెయ్యి నాన్నా."

ఆమె మొహం చూశాడు, చేతులు చూశాడు. ఏమీ తేలలేదు. చివరికి తిన్నాడు. తిన్నాక భయం ఇంకా పెరిగింది. తిన్న తన బంటుకు శకటునీ గుర్రాన్నీ కాపలా పెట్టాడు. ఆమె శకటు దూసుకొచ్చి చెక్ అంది. రెండో గుర్రాన్ని అడ్డం వేసి, అంచు బంటుతో ఆ శకటును లెమ్మని తరిమాడు.

ఆమె శకటును కదపనే లేదు. ఆయన అంతసేపూ కాపలా కాసిన బంటును గుర్రంతో తినేసింది.

"ఓహో, ఇదా నీ ఎత్తు!" ఆయన పకపకా నవ్వాడు. గుట్టు దొరికిందన్న సంతోషంలో, అక్కడే వదిలేసిన శకటును లటుక్కున తీసేశాడు.

అదే గుర్రం మళ్ళీ దూకింది. "ఆటకట్టు."

రాజు చుట్టూ అంతా తన బలగమే, అడుగు పెట్టే సందు లేదు. రాజు ముందరి బంటుతో ఆ గుర్రాన్ని కొడదామంటే, అది తప్పుకోగానే రాజు మీద పడడానికి అదే వరస కొసన ఆమె మంత్రి కాచుకుని ఉంది.

"ఎవరే నేర్పింది? మీ ఆయనేనా?"

"ఆయనకి గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలీదు. నిన్ను చూసే నేర్చుకున్నా. ఇచ్చినదాన్ని పదిసార్లు అనుమానిస్తావు. గెలుచుకున్నాననుకున్నదాన్ని ఒక్కసారీ అనుమానించవు."

"మరి నన్ను కొట్లో కూలెయ్యాలని ఎందుకంత తొందర?"

"మొన్న నాలుగో అంతస్తు ఎక్కుతూ మూడుసార్లు ఆగావు. ఆగినప్పుడల్లా చెప్పు సరిచేసుకున్నావు. నేను నీ వెనకే ఉన్నా నాన్నా. నాకు కళ్ళు లేవా?"

ఆయాసం దాచుకోను చెప్పు సరిచేసుకునే ఆ ఎత్తు ఎవరికీ తెలియదనుకున్నాడు ఆయన ఇన్నాళ్ళూ. బిడ్డను అనుమానించినందుకు సిగ్గు ముంచుకొచ్చింది, కళ్ళు చెమర్చాయి. సంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.