పేరు తీసేసిన శోకం

సోమమ్మ అడిగిన మొదటి మాటకే యుగంధర్‌కు నవ్వొచ్చింది.

"ఎవలి పేరు పెట్టి ఏడ్వాలె? పేరు లేకుంట శోకం ఎట్ల తీస్తరు?"

సౌండ్ కోర్సు చదివే భాగ్యశ్రీ, వీడియోలు తీసే యుగంధర్, నాట్యం నేర్చుకునే హిమజ కలిసి కోదాడలో ఒక ప్రదర్శన ఇవ్వబోతున్నారు. అందులోకి నిజమైన ఏడుపు కావాలని అనుకున్నారు. మునగాలలో ఉండే తన మేనత్త సోమమ్మ దగ్గరికి వాళ్లను తీసుకొచ్చింది భాగ్యశ్రీయే.

"ఎవల్దో ఒకటి పెట్టు పెద్దమ్మా. గీ భాగ్యశ్రీ పేరే పెట్టు," అన్నాడు యుగంధర్.

"బతికున్న పిల్ల పేరా? నీ నోట్ల మన్నువడ."

చివరికి ఆమె హైవే మీద లారీ గుద్ది పోయిన కొడుకును పిలిచింది. రాజ్‌కుమారూ అని సాగదీసి, వాడు తిన్నవీ తినకుండా పోయినవీ చెప్పుకుంటూ ఏడ్చింది. భాగ్యశ్రీ కళ్లు మాత్రం రికార్డర్ మీదే ఉన్నాయి. గొంతు ఎక్కడా చెదరలేదు, బయటి లారీల మోత పడలేదు. పోయింది తన బావ. అయినా లోపలెక్కడో చిన్న సంతోషం కదిలింది.

సోమమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, శోకంలోంచి వాడి పేరు మాత్రం తీసెయ్యొద్దని మాట తీసుకుంది. భాగ్యశ్రీ సరేనంది.

మిర్యాలగూడలో యుగంధర్ గదిలో అన్నీ కలుపుతుంటే ఆ పేరే అడ్డొచ్చింది. పక్క రైస్ మిల్లులో నానిన వడ్ల పులిసిన కంపు కిటికీలోంచి వస్తోంది. పేరు వినబడినప్పుడల్లా అడుగు తప్పుతోందని హిమజ విసుక్కుంది. రాజ్‌కుమార్ అంటే సినిమా పేరులా ఉందని జనం నవ్వుతారని కూడా అంది. యుగంధర్ పేరు కోసేసి ఆ ఖాళీలో డప్పు పెట్టాడు.

భాగ్యశ్రీ వద్దనబోయింది. అంతలో కోసిన చోట టిక్కుమని చప్పుడు వినిపించింది. ఆమె చెవి ఓర్చుకోలేకపోయింది దాన్నే. మౌస్ లాక్కుని, ముందు ఊపిరిని వెనక ఊపిరికి అతికించి, డప్పును కాస్త జరిపి నున్నగా చేసింది.

"అతుకు సుత తెలుస్తలేదు. నీ చెయ్యి కిరాక్ ఉన్నది," అన్నాడు యుగంధర్.

మళ్లీ మొదటి నుంచి వింది. రాజ్‌కుమార్ ఎక్కడుండేవాడో ఆమెకే దొరకలేదు.

వాళ్లిద్దరినీ చూస్తే రోత పుట్టింది. తన వేళ్లను చూసుకుంటే ఇంకా పుట్టింది. తెర మీద అత్త గొంతునంతా ఎంచుకుని తీసేయబోయింది.

"నేనిగ దేని మీద ఆడాలె?" అంది హిమజ.

భాగ్యశ్రీ వేలు డిలీట్ మీదికి వెళ్లింది. నొక్కే ముందు, ఆ అతుకు ఎంత బాగా కుదిరిందో ఇంకొక్కసారి వినాలనిపించింది. వినకుండానే నొక్కింది.