చీలమండ మీద రెండు గంటలు

నేను ఒక టైమింగ్ చిప్‌ను. చింతగింజంత ఉంటాను. వెల్క్రో పట్టీలో కూర్చుని పోటీదారుల చీలమండకు అంటుకుని తిరుగుతాను. ఏదో ఫ్యాక్టరీలో నాతోపాటు వేలమంది పుట్టారు, అందరికీ ఒక్కటే విద్య నేర్పారు: నేల మీద పరిచిన మ్యాట్ దాటగానే 'బీప్'మనిపించడం. ఆ ఒక్క కూత కోసం మనుషులు సముద్రంలో ఈది, సైకిలు తొక్కి, ఆపైన పరుగు కూడా పెడతారు. వెనక ఎవరూ తరమరు. ఎందుకింత యాతనో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

చాలా కాళ్లు చూశాను. గుర్తుండిపోయినవి సన్యాసిరావు కాళ్లే. అరవై నాలుగేళ్ల మనిషి, ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కిందటేడు రెండు గంటల గడువుకు నాలుగు నిమిషాలు ఆలస్యంగా చేరేసరికి మ్యాట్ చుట్టేశారట, జాబితాలో పేరే రాలేదు. ఈ సీజన్ మొదటి పోటీలో రెండు గంటల లోపు రాకపోతే సైకిలు అమ్మేస్తానని భార్య నూకరత్నానికి మాటిచ్చాడు.

రుషికొండ తీరంలో ఆ ఉదయం ఆవిడే ఆయన మోకాళ్లకూ పిక్కలకూ నువ్వుల నూనె మర్దనా చేసింది. సముద్రస్నానానికి ముందు నూనె రాయకపోతే ఆ ఇంట్లో ఊరుకోరట. ఆ జిడ్డు మీదే నన్ను కట్టుకున్నాడు. అదీ వదులుగా, నరాలు పట్టేస్తాయని. నేనేం చెప్పగలను?

నీళ్లలో నాలుగు తన్నులు తన్నేసరికి మడమ మీదికి జారాను. కింద ఎంత లోతుందో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. అదృష్టం కొద్దీ ఆయన గమనించి, నన్ను లాగి ఈత టోపీలో దోపుకున్నాడు. ఒడ్డున మ్యాట్ మీదుగా పరుగెత్తాడు కానీ నెత్తి మీది నా కూత కింద మ్యాట్‌కు అందలేదు. సైకిలు దగ్గర హెల్మెట్ పెట్టుకునే హడావిడిలో టోపీని బుట్టలోకి విసిరేశాడు. అందులో నేనున్నాను! ఆయన మాత్రం నేను లేకుండానే ఇరవై కిలోమీటర్లు తొక్కడానికి వెళ్లిపోయాడు.

తడి టోపీలో ముడుచుకుని నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు. ఆయన తిరిగొచ్చి బుట్టలోని తువ్వాలు లాగితే టోపీతో సహా నేను ఆయన పాదాల మీద పడ్డాను. ఆ ముఖం పాలిపోయింది. అక్కడున్న రెఫరీ అమ్మాయి చూసి, చిప్ లేకుండా తొక్కితే లెక్కలోకి రాదు కదా సార్ అంది.

ఆయన చెయ్యి చాపాడు. మణికట్టుకు ఎర్రదొకటి, పచ్చదొకటి రబ్బరు బ్యాండ్లున్నాయి. సైకిలు మీద తిరిగిన రెండు చుట్లలోనూ మలుపు దగ్గర నిలబడ్డవాళ్లు చుట్టుకొకటి చొప్పున గుర్తుకిచ్చినవి. చాలామంది దారిలోనే పారేస్తారు.

"ముప్పై ఒక్కేళ్లు అందరి టికెట్లూ నేనే అడిగినానమ్మా. ఇయ్యాల నా టికెట్లు మీరు సూడండి," అన్నాడు.

ఆ అమ్మాయి మలుపు దగ్గరికీ ఒడ్డుకీ ఫోన్ చేసింది. అందరి పుస్తకాల్లోనూ ఆయన నంబరు రాసి ఉంది. ఇదంతా తేలడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆఖరికి, కట్టుకుని వెళ్లండి సార్, చివరి మ్యాట్ మాత్రం దాటాలి అంది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

ఈసారి తువ్వాలుతో కాలు తుడిచి, నన్ను బిగించి కట్టాడు. ఐదు కిలోమీటర్లు. ఎండ, ఎక్కుడు రోడ్డు, ఆయన ఆయాసం. ఆఖరి మలుపు తిరిగేసరికి మ్యాట్ పక్కన ఇద్దరు కుర్చీలు మడతపెడుతున్నారు. మ్యాట్ మాత్రం ఇంకా నేల మీదే ఉంది. దాని మీద అడుగు పడగానే నా చేతనైనంత గట్టిగా పలికాను.

తెర మీద పేరు పడింది. గంటా యాభై తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు.

సన్యాసిరావు ఇసుకలో కూలబడి ఏడ్చాడు, తర్వాత నవ్వాడు. కంచె దగ్గర నించున్న నూకరత్నం వచ్చి పక్కనే కూర్చుంది.

"ఈపాలి మీ కాళ్లకి నూనె రాయనండి," అంది. "సైకిలు చైనుకి రాస్తాను."

ఆయన వంగి నన్ను విప్పి, అంచులు తుడిచి, చిప్‌లు తిరిగిచ్చే డబ్బాలో వేశాడు. వచ్చే నెల పోటీ దాకా మేమంతా ఇక్కడే ఉంటాం. నా పట్టీకి నువ్వుల నూనె వాసన ఇంకా పోలేదు.