ఎల్లేశం బిళ్ల

గంజిలో ఉప్పు చూసి, దుర్గవ్వ గరిటెను గిన్నె అంచుకు టంగుమని కొట్టింది. ఆ చప్పుడుకు ఆశ్రమమంతా లేస్తుంది. లేవనివాళ్లను ఆమే లేపుతుంది. మంచిర్యాలలో గోదావరికి పోయే దారిలో ఉన్న ఈ వృద్ధాశ్రమంలో వండటం, స్నానాలు చేయించడం, తడిసిన పక్కలు మార్చడం ఆమె పని. పొట్టి మనిషి. బట్టలు పిండీ పిండీ వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా తేలాయి. మోకాళ్లు కూర్చునేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు మరోసారి తమ అభిప్రాయం చెబుతాయి. వయసును బట్టి చూస్తే ఆమె కూడా ఆ వరుసలో కూర్చుని గంజి తాగాల్సిందే.

మంచం ఉంటే కూర్చునేది. ఆమె అద్దెకుంటున్న రేకుల గదిని కూలగొట్టి యజమాని దుకాణాలు కడతాడట. నెలాఖరుకు ఖాళీ చేయాలి. వచ్చే జీతానికి ఊళ్లో ఇంకో గది దొరకడం లేదు. "మంచం ఖాళీ అయితే నీకే, దుర్గవ్వా" అని మేనేజరు కరుణాకర్‌రావు మాటైతే ఇచ్చాడు. చిక్కల్లా, ఇక్కడ మంచం ఖాళీ అయ్యే మార్గం ఒకటే. ఆ మార్గానికి రాత్రీ పగలూ అడ్డం పడుతున్నది దుర్గవ్వే.

గేటు పక్క ఒంటి గదిలో ఎల్లేశం దగ్గుతున్నాడు. బతుకంతా బొగ్గుబాయిలో గడిపిన మనిషి. ఆ దగ్గుకు పక్కవాళ్లకు నిద్ర ఉండదని అతనికి ఆ గది ఇచ్చారు. బాయిలోకి దిగేటప్పుడు పైన ఇత్తడి బిళ్ల తగిలించి పోవాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బిళ్ల మేకుకు ఉందంటే మనిషి ఇంకా తిరిగి రాలేదని లెక్క. రిటైరైననాడు దాన్ని వాపసివ్వడం మరిచిపోయానంటాడు ఎల్లేశం. అంత శ్రద్ధగా మరిచిపోయినవాణ్ని దుర్గవ్వ ఎక్కడా చూడలేదు. ఇప్పటికీ గది దాటితే తలుపు పక్క మేకుకు బిళ్ల తగిలిస్తాడు, తిరిగొస్తే జేబులో వేసుకుంటాడు. ఆ మేకు చూస్తే చాలు, ముసలాయన ఎక్కడున్నాడో ఆమెకు తెలిసిపోతుంది.

"గంజి తాగు అన్నా."

"ఎందుకే తాపుతవ్? నేను పోతే గీ మంచం నీకస్తది. జర తెలివి లేదానే?"

"నీ మంచం నాకెందుకు? పరుపు నడుమల గుంత జేసి పెట్టినవ్."

"బాయిల పనిజేసినోన్ని. గుంత తవ్వకుంటె ఎట్ల?"

నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఆమె వీపు రాసింది.

తర్వాత స్నానాలు. ప్రతి బకెట్‌లో మోచెయ్యి ముంచి వేడి చూసింది. ఆడవాళ్ల గదిలో లీలాబాయికి తల దువ్వుతూ, వాళ్ల ఊరు ఇచ్చోడ చాయ్ ముందు ఇక్కడి చాయ్ ఎందుకు దండగో రోజూ వినే కథనే మళ్లీ విన్నది.

మధ్యాహ్నం ఎల్లేశం పిలిచాడు. వరండాలో మడతమంచం వేసి ఉంది.

"సార్‌కు చెప్పిన. నేనిక్కడ పండుకుంట. గది నువ్వు తీస్కో."

"చలికి సస్తవ్ అన్నా!"

"లోపట ఊపిరి ఆడుతలేదే. గాలి సాలు నాకు. పో, నీ సామాన్ తెచ్చుకో."

మంచం ఖాళీ కావడానికి రెండో మార్గం ఉందని దుర్గవ్వకు ఇన్నాళ్లూ తట్టలేదు. పోయి అల్లం దంచి, నీళ్లు తగ్గించి పాలు పోసి చాయ్ పెట్టుకొచ్చింది.

ఒక గుక్క తాగి, "ఇయ్యాల చాయ్‌ల చాయ్ ఉన్నది" అన్నాడు ఎల్లేశం.

"నీ బిళ్ల మేకుకే ఉన్నది, తియ్యనా?"

"ఉండనియ్యి. బయటికే వచ్చిన గద."

ఆటోలో రేకుపెట్టె వేసుకుని ఆమె తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఎల్లేశం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఖాళీ గ్లాసు కింద బోర్లించి ఉంది. దగ్గు వినపడలేదు. భుజం తట్టి చూస్తే ఒళ్లు చల్లబడి ఉంది.

కరుణాకర్‌రావు ఎల్లేశం తాలూకు వాళ్లకు ఫోన్లు చేస్తున్నాడు. దుర్గవ్వ నీళ్లు కాచింది. ఇప్పుడు అవసరం లేదని తెలిసినా మోచెయ్యి ముంచి వేడి చూసింది. "నీ రుణం గిట్ల ఉంచుకుంటి అన్నా" అంటూ, వీపు దగ్గర కొంచెం ఎక్కువసేపు రుద్ది స్నానం చేయించింది.

అందరూ అతన్ని తీసుకుపోయాక ఆమె గదిలో మంచం మీద కూర్చుంది. పరుపులో గుంత ఆమెకు కాస్త పెద్దదైంది. లైటు వేస్తే, తలుపు పక్క మేకుకు ఇత్తడి బిళ్ల అలాగే ఉంది.