మాణిక్యమ్మ చెయ్యి

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకు నల్లగుడ్డలు కప్పి, పట్టపగలే రాత్రి చేసేశారు సినిమావాళ్లు. లోపల యాభై ఏళ్ల కిందటి నాటకాల స్టేజీ వేశారు. ఒకప్పటి నాటకాల నటి, డెబ్బై నాలుగేళ్ల రామతులసిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చేతికి కొబ్బరిబోండాం ఇచ్చారు. తీస్తున్నది ఆవిడ కథే. మనిషి బతికుండగా తీయడం గౌరవమే గానీ, అలాంటి మనిషి మధ్యలో నోరు విప్పే ప్రమాదం ఉంటుంది.

నాటకంలో పద్యం నచ్చితే జనం "వన్స్‌మోర్" అంటారు. అంటే చచ్చిపడున్న రాజైనా లేచి మళ్లీ పాడాల్సిందే. పాతికేళ్ల వయసప్పుడు కైకలూరులో రామతులసి ఒళ్లు కాలే జ్వరంతో ఒకే పద్యం ఐదుసార్లు పాడింది. ఆ గొంతు మళ్లీ రాలేదు. తల్లి మాణిక్యమ్మే తెరచాటు నుంచి తోసి పాడించిందని అప్పట్లో ఒక వారపత్రికకు రామతులసే చెప్పింది. సినిమా అంతా ఆ ముక్క మీదే నిలబడింది. ఇవాళ తీసేది ఆ సీనే.

తల్లి వేషం కట్టిన గంగారత్నం దగ్గరికొచ్చి వంగింది.

"పిన్నిగారూ, ఒక్క డౌటండీ. మీ అమ్మగారు వీపు మీద చెయ్యేసి తోసేవారా, భుజం పట్టుకునా?"

రామతులసి స్ట్రా నోట్లోంచి తీసింది.

"వడ్డాణం పట్టుకునేది."

"పట్టుకుని తోసేవారా?"

"లాగేది. వెనక్కి."

డైరెక్టర్ మణికుమార్ గబగబా వచ్చాడు. "అదేంటి మేడమ్! పత్రికలో మీరే చెప్పారుగా?"

"చెప్పాను బాబూ. గొంతు పోయిందాయె, ఎవరో ఒకరి మీద పెట్టాలిగా. అమ్మయితే ఎదురు చెప్పదు."

"ఆవిడకి తెలిసిందా అండీ?" అంది గంగారత్నం.

"పక్కింటావిడ చేత చదివించుకుంది. రెండుసార్లు. సాయంత్రం ఎప్పట్లాగే నాకు మిరియాల పాలు కాచిచ్చింది. పోయేదాకా ఆ మాటెత్తలేదు. నేనూ ఎత్తలేదు."

మణికుమార్ తల పట్టుకున్నాడు. "చప్పట్ల మోజులో తనే గొంతు పోగొట్టుకుందంటే హీరోయిన్ మీద జాలెవరికొస్తుంది మేడమ్? తిడతారు."

"తిట్టనీ. ఇన్నాళ్లూ అమ్మ పడింది, ఇహ నేను పడతా. ఎలాగూ తీరిగ్గానే ఉన్నాగా. తోసే తల్లే కావాలంటే మాత్రం, సినిమాలోంచి మా ఇద్దరి పేర్లూ తీసేయండి."

నాటకం చూసేవాళ్లుగా చాపల మీద కూర్చున్న జనం హనుమాన్ జంక్షన్ నుంచి రెండు బస్సుల్లో వచ్చారు. వాళ్లకప్పుడే భోజనాల మీదికి మనసు పోతోంది. మణికుమార్ వాళ్లకేసి చూశాడు, చేతిలోని సీను పేపర్లకేసి చూశాడు, చివరికి పెన్ను తీసి ఏదో కొట్టేశాడు.

"సరే. గంగారత్నం గారూ, లాగండి."

గంగారత్నం హీరోయిన్ వడ్డాణాన్ని రెండు వేళ్లతో, పూలదండ పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అలా కాదమ్మా!" రామతులసి బోండాం కింద పెట్టి లేచింది. "రోజూ రోట్లో పిండి రుబ్బిన చెయ్యది. గట్టిగా లాగు. ఆ పిల్లకీ చెప్పండి, వదిలించుకోవడానికి నేను తన్నేదాన్ని కూడా."