నాలుగు గంటల నాలుగు నిమిషాలు

"నాలుగింటికి డిష్ దించేస్తున్నాం," అన్నాడు ఫోర్‌మన్, చేతి తొడుగులు వేసుకుంటూ.

"పది నిమిషాలు ఆగు బావా," అంది ఆపరేటర్. అతను ఆమె అక్క భర్త.

"నీ పల్సార్ చుక్క సంకేతమంటే నా వర్క్‌షాపు హీటరు రొదే, మరదలా! దాన్ని చెత్తలో పారేసిన రోజే నోరు మూసుకుంది కదా. ఇంకా ఎవరికోసం ఈ పడిగాపులు?"

కొట్టిపారేసే మాట కాదది. తొమ్మిది రోజుల కిందట సాయంత్రం 4:40కి, ఆకాశంలో ఒకే వైపు చూస్తూ నిలిచే ఈ రేడియో టెలిస్కోపు డిష్‌కు టక్కు టక్కుమని సంకేతం వచ్చింది, ఆరు నిమిషాలు. మర్నాడు రెండు నిమిషాలే. మూడోరోజు నుంచి చడీ చప్పుడూ లేదు. నిప్పురవ్వలు రాల్చే హీటరు పోయిందీ ఆ మూడోరోజే. ఇవాళ రుజువు దొరక్కపోతే "స్థానిక రొద" అని రాసి జాబితాలోంచి కొట్టేయమని పైనుంచి ఉత్తర్వు. మరమ్మతుకు దిగితే డిష్ మళ్లీ లేచేది ఏడాదికి.

తప్పెక్కడుందో ఆమెకు నిన్న ఎనిమిదింటికి, ఇంటికి వెళ్తుంటే తెలిసింది. వరసగా ఉండే మూడు చుక్కలు నీళ్ల ట్యాంకు మీదికి వచ్చేశాయి. పది రోజుల కిందట అదే వేళకు ప్రహరీ గోడ మీద తొంగిచూస్తుండేవి. ఆమె పన్నెండేళ్లు వార్తలు ప్రసారం చేసే రేడియో స్టేషన్లో పనిచేసింది. అక్కడ ఏడింటి వార్తలు రోజూ ఏడింటికే. ఆ అలవాటుతో ఇక్కడా రికార్డరును రోజూ 4:40కే మొదలయ్యేలా పెట్టింది. చుక్కలు రోజుకు నాలుగు నిమిషాలు ముందే వస్తాయి. తొమ్మిది రోజులకు ముప్పై ఆరు. అంటే ఇవాళ 4:04కి.

"నాలుగూ నాలుగుకి రాకపోతే డిష్ దించే మీట నేనే నొక్కుతా," అంది.

"మాట మీదుండాలి మరి!" అని అతను మీట పక్కనే నిలబడ్డాడు.

నాలుగూ మూడు. రికార్డరు ముల్లు కాగితం మీద గీసే గీత తిన్నగా సాగుతోంది.

నాలుగూ నాలుగు. ముల్లు లేచింది. పడింది. మళ్లీ లేచింది.

"వర్క్‌షాపులో ఎవడో ఇంకో హీటరు పెట్టుంటాడు," అన్నాడు ఫోర్‌మన్.

"వెళ్లి చూసిరా. మెయిన్ స్విచ్చే తీసెయ్."

అతను పరుగెత్తాడు. వర్క్‌షాపు దీపాలు ఆరిపోయాయి. ముల్లు ఆగలేదు. అతను రొప్పుతూ తిరిగొచ్చి కాగితం వైపు చూశాడు.

"ఇంకెంతసేపు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నాలుగూ పదిదాకా."

ఇద్దరూ నిలబడే చూశారు. నాలుగూ పదికి గీత తిన్ననైంది. ఆమె రిజిస్టరులో వేళ రాసి, దాని కింద "మూడోరోజు నుంచి సంకేతం తప్పిపోవడానికి కారణం నేను పెట్టిన వేళ" అని రాసి సంతకం చేసింది.

"ఇప్పుడు దించు బావా."